మావయ్య బ్యాచ్‌కి తాళ్ళ కిట్టు: పర్లాకిమిడి ప్రాజెక్టు డైరీ

సంక్రాంతి అయ్యాక

ముందు ప్రాజెక్టు ఏంటో చెప్పేస్తా. పర్లాకిమిడిలో మా మావయ్యది చెట్ల పని చేసే బ్యాచ్. ఇంటి మీదకి వాలిన కొమ్మలు దించడం, తుఫానుకి విరిగినవి కోయడం, కొబ్బరి గెలలు మట్టలు దింపడం, ఇటు పాతపట్నం అటు కాశీనగర్ ఎవరు ఫోన్ చేస్తే అక్కడికి వెళ్ళిపోతారు, ఆంధ్రా ఒడిశా అని చూసుకోరు. మొత్తం నలుగురు. పైకి ఎక్కేది మావయ్య, ఆయన కొడుకు అంటే మా బావ, ఇంకా గుమ్మ వైపు కొండ మీద ఊరి నుంచి వచ్చిన సవర కుర్రాడు. కింద తాడు పట్టేది ఒక పెద్దాయన, ఆయన్ని అందరం తాతా అనే పిలుస్తాం. ఈ నలుగురికీ వానలు ముదిరేలోపు ఒక సరైన తాళ్ళ కిట్టు కూర్చాలి, కూర్చడమే కాదు, అది అటక మీద పడుండకుండా రోజూ పనిలోకి వెళ్ళాలి, ప్రాజెక్టు అంటే ఇదే.

నాది రోప్ యాక్సెస్ పని, అంటే తాళ్ళ మీద వేలాడి చేసే పని, ఇరాటా (ఈ పనికి సర్టిఫికెట్లు ఇచ్చే అంతర్జాతీయ సంస్థ) లెవల్ 2. చిమ్నీలు, ట్యాంకులు, బ్రిడ్జిల మీద వేలాడుతూ పెయింటింగూ ఇన్‌స్పెక్షనూ చేస్తుంటా, ఒక కాంట్రాక్టు అయ్యాక ఇంకోటి మొదలయ్యేలోపు ఇంటికొస్తా. తాళ్ళ సంగతి నాకు తెలుసు, చెట్ల సంగతి మావయ్యకి తెలుసు.

తొందర ఎందుకంటే అక్టోబర్. మా వైపు వాళ్ళకి ఈ తారీకులు చెప్పక్కర్లేదు, 2013లో ఫైలిన్ అక్టోబర్ 12న గోపాల్‌పూర్ దగ్గర, 2014లో హుద్‌హుద్ మళ్ళీ అక్టోబర్ 12నే విశాఖ దగ్గర, 2018లో తిత్లీ అక్టోబర్ 11 తెల్లారుజామున పలాస దగ్గర. తుఫాను వెళ్ళిపోయిన మర్నాడు పొద్దున్నే బ్యాచ్ ఫోన్లు మోగడం మొదలవుద్ది, సరిగ్గా అప్పుడే చెట్లు అన్నిటికంటే ప్రమాదంగా ఉంటాయి. సగం విరిగి వేలాడేవి, ఒకదాని మీద ఒకటి పడి విల్లులా వంగి బిగుసుకున్నవి, రంపం పెట్టగానే ఎటు కొడతాయో తెలీనివి. తిత్లీ తర్వాత మావయ్య వాళ్ళు తిండి నిద్ర లేకుండా రోజుల తరబడి చేశారు, నడుముకి ఒక తాడు, చేతిలో గొడ్డలి, అంతే.

ఇప్పుడు వాళ్ళ దగ్గర ఉన్నవి చూసా. గొడ్డళ్ళు, కత్తులు, ఒక పెద్ద పెట్రోల్ రంపం, కొబ్బరి పీచు తాళ్ళు, బజార్లో దొరికే నీలం తాడు రెండు చుట్టలు, కొబ్బరి చెట్లకి మోకు, కాళ్ళకి వేసుకునే బంధం. హెల్మెట్ ఒక్కటీ లేదు. కొమ్మ మీద నిలబడి కోసేటప్పుడు నడుముకి తాడు చుట్టి పైకొమ్మకి కడతారు. అలా నడుముకి కట్టిన తాడు మీద మనిషి పడితే బరువంతా పక్కటెముకల మీద, పొట్ట మీద పడుద్ది, కిందకి పడకుండా ఆగినా ఊపిరి ఆడదు. ఈ ఒక్క అలవాటు మార్చగలిగినా చాలు అనుకుని మొదలుపెట్టా.

బకెట్ టెస్ట్

మొదటి పని తాళ్ళు ఏరడం. షాపులో నైలాన్ తాడు అని అడిగితే మన చేతిలో పెట్టేది చాలాసార్లు నైలాన్ కాదు, పాలీప్రొపిలీన్. చూడ్డానికి మెరుస్తది, చవక, తేలిక. తేడా పట్టుకోవడానికి ల్యాబు అక్కర్లేదు, జానెడు ముక్క కోసి నీళ్ళ బకెట్‌లో వేస్తే చాలు. పాలీప్రొపిలీన్ నీళ్ళకంటే తేలిక కాబట్టి తేలుద్ది, నైలాన్ మునిగిపోద్ది, పాలిస్టర్ ఇంకా త్వరగా మునిగిపోద్ది. మావయ్య వాకిట్లో బకెట్ పెట్టి నీలం తాడు ముక్క వేస్తే దర్జాగా తేలింది. పక్కనే నేను తెచ్చిన 11 ఎంఎం తాడు ముక్క వేస్తే కిందకి వెళ్ళి కూర్చుంది.

తేలితే ఏమైంది అన్నాడు బావ. ఏమైందంటే, అది సుమారు 165 డిగ్రీలకే కరిగిపోద్ది, నైలాన్ 220 దాటాలి, పాలిస్టర్ 250 దాటాలి. తాడు మీద తాడు ఒరుసుకుంటూ మనిషి వేగంగా దిగితే ముడి దగ్గర పుట్టే వేడి తక్కువేం కాదు, ముట్టుకుంటే చెయ్యి కాలుద్ది. పైగా ఎండలో పడుంటే పాలీప్రొపిలీన్ పైపోగులు పొడి పొడిగా రాలిపోతాయి, వాళ్ళ నీలం తాడుని గోటితో గీకితే నీలం పొడి రాలింది, అది చూసాక ఇంక వాదన లేదు. ఆ తాడు కట్టెల మోపులు కట్టడానికి పోయింది.

ఎక్కే తాడుకి 11 ఎంఎం సెమీ స్టాటిక్, అంటే బరువు పడినా పెద్దగా సాగనిది తీసుకున్నాం, ఈఎన్ 1891 టైప్ ఏ అని మార్కు ఉన్నది (ఈఎన్ అంటే యూరప్ ప్రమాణం). లోపల బలమంతా మోసే కోర్, బయట దాన్ని కాపాడే తొడుగు. విదేశాల్లో చెట్ల పనివాళ్ళు ఎక్కువగా 13 ఎంఎం దగ్గర్లో ఉండే తాళ్ళు వాడతారు, చేతికి పట్టు బాగుంటది, ముడి కూడా బాగా పట్టుద్ది, కానీ ఇక్కడ కొనాలంటే తెప్పించుకోవాలి, 11 అయితే రోప్ యాక్సెస్ సామాన్లమ్మే చోట దొరుకుద్ది, రేపు తెగినా అరిగినా ఇంకోటి వారంలో వస్తది. బ్యాచ్‌కి కావాల్సింది మళ్ళీ కొనుక్కోగలిగే తాడు. కొమ్మలు దించే తాడు పూర్తిగా వేరు, వైజాగ్ ఫిషింగ్ హార్బర్ దగ్గర తాళ్ళ కొట్లో తీసుకున్న లావు పాలిస్టర్. ఎక్కే తాడుతో కొమ్మ దించకూడదు, దించే తాడుతో మనిషి ఎక్కకూడదు, అందుకే రంగులు కూడా వేరు వేరు కొన్నా, తెల్లది మనిషికి, నల్లది కొమ్మకి.

ఏది కొనాలి, ఏది చేసుకోవాలి

ఇక్కడ ఒక రూలు పెట్టుకున్నా. తెగితే మనిషి పడిపోయే వస్తువు ఏదైనా మార్కు, బలం అచ్చుకొట్టి ఉన్నదే కొనాలి. తెగినా పాడైనా మనిషికి ఏం కానిది మనం చేసుకోవచ్చు. మా ఊళ్ళో వెల్డింగ్ షాపు కుర్రాడు మంచి పనిమంతుడు, రింగులు హుక్కులు చేసిచ్చేస్తా అన్నాడు, వద్దన్నా. అతని పనితనం మీద అనుమానం కాదు, అతుకు లోపల ఏముందో బయటికి కనపడదు, లాగి చూసే మిషను మన దగ్గర లేదు.

కారబైనర్ల దగ్గర, అంటే తాడుకి తగిలించే గేటున్న హుక్కుల దగ్గర కూడా ఇదే గొడవ. ఒక ఆన్‌లైన్ షాపు నుంచి బావ తెప్పించినవి చూస్తే బాగా మెరుస్తున్నాయి, కానీ వాటి మీద ఎంత లాగుడుకి ఆగుతాయో చెప్పే కిలోన్యూటన్ల అంకె లేదు, స్టాండర్డ్ నంబర్ లేదు, తిప్పి చూసినా ఎక్కడా ఏమీ లేదు. అవి నీళ్ళ సీసాలు, చేతి రంపాలు వేలాడదీయడానికి ఉంచాం, వాటికి ఎర్ర పెయింట్ పూసేసా కలిసిపోకుండా. మనిషి బరువు పడే చోట 22 కిలోన్యూటన్ల పైన అచ్చు ఉండి, గేటు తెరవాలంటే పైకి లాగి తిప్పి నొక్కాల్సిన ఆటోలాక్ రకమే. మామూలు స్క్రూ గేటు చెట్ల మీద నాకు నచ్చదు, కొమ్మకి ఒరుసుకుంటూ ఒరుసుకుంటూ స్క్రూ తిరిగి వదులైపోద్ది.

జీను, అంటే నడుముకీ తొడలకీ కట్టుకునే పట్టీల హార్నెస్ విషయంలో చాలా ఆలోచించాం. హార్డ్‌వేర్ షాపుల్లో దొరికే బిల్డింగ్ పనివాళ్ళ బెల్టులు ఐఎస్ 3521 అనే మన దేశపు ప్రమాణం మార్కుతో వస్తాయి, పడితే ఆపడానికి అవి మంచివే, కానీ హుక్కు వీపు వెనక ఉంటది, అందులో కూర్చుని పని చేయలేం. వేలాడితే తొడల దగ్గర పట్టీ కోసుకుపోద్ది, కదలకుండా ఎక్కువసేపు ఉంటే కాళ్ళలో రక్తం నిలిచిపోయి స్పృహ తప్పే ప్రమాదం ఉంది. చెట్టు పనికి కావాల్సింది ముందు బొడ్డు దగ్గర కట్టుకునే చోటు, నడుముకి రెండు పక్కలా రింగులు, తొడలకి మందపాటి మెత్త. పెట్జెల్ వాళ్ళ సెకోయా లాంటివి అచ్చంగా చెట్ల పనికే చేసినవి, వాటి ధరకి ఇక్కడ సెకండ్ హ్యాండ్ బండి వచ్చేస్తది. అందుకని రోప్ యాక్సెస్ జీనులు రెండు, ఈఎన్ 813, ఈఎన్ 358 రెండు మార్కులూ ఉన్నవి తీసుకున్నాం. అంటే కూర్చోవచ్చు, నడుము తాడు కూడా వేసుకోవచ్చు, పాత పద్ధతిలో నడుముకి చుట్టేది కాదు, జీను పక్క రింగులకి తగిలించి చెట్టు చుట్టూ వేసుకునేది. మూడోది నాదే, వాడకం తక్కువైంది, నేను ఉన్నన్నాళ్ళూ కుర్రాడు వేసుకుంటాడు.

హెల్మెట్ల గురించి ఒక్క ముక్క. కింద ఉండే తాతకి మామూలు బిల్డింగ్ హెల్మెట్ సరిపోద్ది. పైకి ఎక్కేవాళ్ళకి మాత్రం గడ్డం పట్టీ గట్టిగా ఆగేది కావాలి, ఎందుకంటే బిల్డింగ్ హెల్మెట్లలో పట్టీ ఎక్కువ లాగుడు పడితే ఊడిపోయేలా కావాలనే చేస్తారు, ఎక్కడైనా ఇరుక్కుంటే మెడకి బిగుసుకోకుండా. చెట్టు మీద ఊగి కాండానికి కొట్టుకునేవాడికి అదే సమయంలో హెల్మెట్ ఊడిపోతే ఇంక దేనికి? పర్వతారోహణ రకం, ఈఎన్ 12492 తీసుకున్నాం.

మేమే చేసినవి

ఈ భాగం రాయడం నాకు ఇష్టం. చెట్టు ఎక్కక ముందే తాడు పైకొమ్మ మీద వేయాలంటే ముందు సన్నటి దారం పంపాలి, దాని చివర బరువు కట్టి విసరాలి. కొనే త్రో బ్యాగులు ఉన్నాయి గానీ ఇది తెగితే కింద పడేది సంచీయే, మనిషి కాదు, కాబట్టి చేసుకోవచ్చు. బారువ వైపు వలలు కట్టేవాళ్ళ దగ్గర సీసం గుళ్ళు తెచ్చి, పాత జీన్సు ప్యాంటు కాలు కత్తిరించి సన్నగా పొడుగ్గా కుట్టించి నింపాం. సన్నగా ఎందుకంటే గుండ్రంగా ఉంటే కొమ్మ చీలికలో ఇరుక్కుంటది. ముందు 250 గ్రాములు పెట్టాం, మామిడి మీద బాగానే దిగింది, చింత మీద మాత్రం గరుకు బెరడుకి దారం పట్టేసి సంచీ మధ్యలోనే వేలాడింది. 400 గ్రాములు చేసాక తనంతట తనే జారి కిందకొస్తోంది. దారం వల అల్లే రకమే, పసుప్పచ్చది, ఆకుల్లో కనపడాలి కదా.

ఎత్తు చెట్లకి చేత్తో విసిరితే అందదు. సవర కుర్రాడు పొడుగు వెదురు కర్రకి చివర పంగ కట్టి, లారీ ట్యూబు రబ్బరు వేసి పెద్ద పంగలకర్ర తయారు చేశాడు, కర్ర అడుగు నేల మీద ఆనించి రబ్బరు కిందకి లాగి వదిలితే సంచీ నిద్రగన్నేరు నడినెత్తికి వెళ్తోంది. బయట దేశాల్లో ఇదే వస్తువుని ఫైబర్ కర్రతో చేసి అమ్ముతారు. గురి మాత్రం కుర్రాడిదే, మా ఎవరికీ అంత లేదు.

తర్వాత బెరడు కాపు. తాడు కొమ్మ పంగలో నుంచి అటూ ఇటూ కదిలేటప్పుడు బెరడు కోసుకుపోద్ది, బెరడు కింద పచ్చటి పొర పోతే ఆ కొమ్మకి దెబ్బ, తాడుకీ అరుగుదల. ఇనప రింగులతో కొనేవి ఉన్నాయి, అవి మనిషి బరువు మోస్తాయి కాబట్టి కొనేదాకా ఆగుతాం. ఈలోపు పొలం మోటారు సక్షన్ పైపు, లోపల చుట్టచుట్టగా గట్టి పట్టీ ఉండేది, మూర పొడవు కోసి తాడు దాని లోపల నుంచి వెళ్ళేలా చేసాం. పైపు పగిలినా తాడు కొమ్మ మీదే ఉంటది, అందుకే దీన్ని ఒప్పుకున్నా. కింద నుంచి తాడు లాగితే పైపు కూడా వెంట వచ్చేస్తది.

చేతి రంపానికి ఒర కూడా చేసాం. పీవీసీ పైపు ముక్కని స్టవ్ మంట మీద తిప్పుతూ వేడి చేసి, మెత్తబడగానే రెండు చెక్కల మధ్య నొక్కితే చదునుగా అయిపోద్ది, చల్లారాక రంపం అందులో సరిగ్గా దూరుద్ది. అడుగు కొంచెం తెరిచి ఉంచాలి, పొట్టు రాలిపోవాలి. మా వైపు వడ్రంగి రంపం తోసేటప్పుడు కోస్తది, చెట్టు మీద జీనులో వేలాడుతూ తోస్తే మనిషే వెనక్కి వెళ్ళిపోతాడు, అందుకే లాగేటప్పుడు కోసే వంకర రంపాలు కొన్నాం, జపాన్ తరహావి. మణికట్టు లావు కొమ్మ నాలుగైదు లాగుళ్ళలో తెగిపోతోంది. పెట్రోల్ రంపం పైకి తీసుకెళ్ళడం ఇప్పటికి ఆపేశాం, వాళ్ళ దగ్గరున్నది నేల మీద మొదళ్ళు కోసే బరువైన మిషన్, వెనక హ్యాండిల్‌ది. దాన్ని పైన భుజం ఎత్తున పట్టుకుని కోసేటప్పుడు చైన్ వెనక్కి కొడితే నేరుగా మొహానికే.

మామిడి చెట్టు కింద ముళ్ళ బడి

ముడి నేర్పడం మావయ్య పెరట్లో మామిడి చెట్టు దగ్గర, కాళ్ళు నేలకి అందే ఎత్తులోనే. పద్ధతి ఇది: తాడు పైకొమ్మ మీద నుంచి రెండు పక్కలా దిగుద్ది, ఒక కొస జీనుకి కట్టుకుంటాం, ఆ కొస మిగులుతోనే రెండో పక్క తాడు మీద జారే ముడి వేస్తాం. ముడి పైకి తోస్తే జరుగుద్ది, బరువు పడితే బిగుసుకుంటది. ఇలా రెండు పోగుల మీద బరువు పంచుకుంటది కాబట్టి ఎక్కేవాడికి తేలిక, కానీ ఒక మీటర్ పైకి వెళ్ళాలంటే రెండు మీటర్ల తాడు లాగాలి.

వేసే ముడి బ్లేక్ హిచ్. 1994లో జేసన్ బ్లేక్ అనే ఆయన ఒక చెట్ల పత్రికకి రాసి పంపాక ఆ పేరు స్థిరపడింది, ఆస్ట్రియాలో హైంజ్ ప్రోహాస్కా అనే ఆయన అంతకుముందే దీన్ని ప్రచురించాడు. అసలు ఈ జారే ముళ్ళ వంశానికి పెద్ద ఇంకో ఆస్ట్రియా ఆయన, కార్ల్ ప్రూసిక్, 1931. బ్లేక్‌కి నాలుగు చుట్లు పైకి చుట్టి, కొసని కిందకి తెచ్చి, జీనుకి వచ్చే పోగు ముందు నుంచి తాడు వెనక్కి తిప్పి, కింది రెండు చుట్ల లోపల నుంచి దూర్చాలి. కొస చివర ఎనిమిది ముడి తప్పనిసరి. దూర్చే చోటు తప్పితే చూడ్డానికి అదే ముడిలా ఉంటది కానీ జారిపోద్ది. అందుకే నేను పెట్టిన అలవాటు, ముడి వేసినవాడు పైకెళ్ళే ముందు ఇంకొకడు వచ్చి వేలితో చుట్లు లెక్కపెట్టాలి, తర్వాత ఇద్దరు కలిసి తాడుకి వేలాడి కొమ్మని పరీక్షించాలి, అప్పుడే కాళ్ళు నేల వదలాలి.

సవర కుర్రాడు మంచం కోడుకి తాడు కట్టుకుని రాత్రిళ్ళు ప్రాక్టీస్ చేశాడట, వారం తిరక్కుండా చూడకుండానే వేసేస్తున్నాడు. బావకి చుట్లు వచ్చాయి గానీ దిగేటప్పుడు తొందర ఎక్కువ, ముడి మీద అరచెయ్యి వేసి సర్రున జారుతున్నాడు. బ్లేక్ ముడికి ఉన్న లోపం అదే, వేగంగా దిగితే తాడు పైపొర కరిగి గాజులా నున్నగా మెరుపు వస్తది, అలా మెరిసిన చోట ముడి ఇంక పట్టదు. ఆ ముక్క కోసేసి బావ చేతిలో పెట్టి గోటితో రుద్దమన్నా. అప్పట్నుంచి మెల్లగా దిగుతున్నాడు.

మావయ్య మాత్రం దూరంగా అరుగు మీద కూర్చుని చూస్తూ ఉండేవాడు. ఒకరోజు అన్నాడు, "అల్లుడా, ఇదంతా బాగానే ఉంది గానీ, మాది గుత్త పనిరా. చెట్టుకింత అని మాటాడుకుంటాం. నువ్వు తాడెక్కించి, ముడేయించి, లెక్కెట్టించేసరికి నేను సగం చెట్టు కొట్టేస్తాను." ఆయన మాటలో తప్పు లేదు, అందుకే బాగా ఆలోచించాల్సి వచ్చింది. నా పనిలో నెల జీతం, సేఫ్టీకి గంట పట్టినా కంపెనీ గంట అది. వీళ్ళకి ఆ గంట సొంత డబ్బు. కిట్టు డబ్బు మిగల్చకపోతే ఎంత చెప్పినా అటక ఎక్కుద్ది.

నిద్రగన్నేరు, రేకుల ఇల్లు

ఉగాది దాటాక ఊరి చివర ఒక మాస్టారి ఇంటి పని వచ్చింది. ఒడియా వాళ్ళు, ఇంటి వెనక పెద్ద నిద్రగన్నేరు, దాని కొమ్మ ఒకటి సిమెంటు రేకుల కప్పు మీదుగా అడ్డంగా పెరిగి ఉంది, మొదట్లో తొడంత లావు. ఇలాంటి పనుల్లో బ్యాచ్‌కి ఎప్పుడూ జరిగేది ఒకటే, కొమ్మని చిన్న చిన్నగా కొట్టి పడేస్తారు, ఒకటి రెండు రేకులు పగుల్తాయి, ఆ రేకుల డబ్బు గుత్తలో కోత పడుద్ది. ఈసారి ఒక్క రేకు పగలకుండా దించుదాం అన్నా. మావయ్య సరే చూద్దాం అన్నాడు.

కుర్రాడు పంగలకర్రతో దారం ఎక్కించాడు, పైపు, తాడు వెళ్ళాయి, ఎక్కేది మావయ్యే. మొదటిసారి జీనులో, నిక్కరు మీద వేసుకుంటే పట్టీలు ఒరుసుకుంటాయని ప్యాంటు వేయించా. పైకి వెళ్ళాక ఆయన చేసిన పని చూసి నాకు చెట్ల పనికీ నా పనికీ తేడా తెలిసింది. గొడ్డలి మడమతో కాండం మీద, కొమ్మ మొదట్లో, ఇంకొంచెం పైన, మెల్లగా కొట్టుకుంటూ వింటున్నాడు. గట్టి చెక్క మోత వేరు, లోపల పుచ్చిన చోట మోత వేరు. ఒకచోట ఆగి, "ఇక్కడ డొల్ల, తాడు పైకొమ్మకి మార్చాలి" అన్నాడు. నేను స్టీలు మీద వేలాడేవాణ్ణి, అక్కడ యాంకర్ బలం, అంటే తాడు కట్టే చోటు బలం కాగితం మీద రాసుంటది. ఇక్కడ ఆ కాగితం మావయ్య చెవిలోనే ఉంది.

జీనులో కూర్చుని కొమ్మ చివరిదాకా నడిచాడు, తాడు వెనక నుంచి బరువు పట్టి ఉంచుద్ది కాబట్టి మామూలుగా వెళ్ళలేని సన్నపు చోటికి కూడా వెళ్ళాడు. నడుము తాడు ఇంకోటి కొమ్మకి వేసుకుని, అంటే రెండు చోట్ల కట్టుకుని, అప్పుడు రంపం తీశాడు. నల్ల తాడు కొమ్మకి కట్టి పైపంగ మీదుగా కిందకి వచ్చింది, తాత దాన్ని చెట్టు మొదలు చుట్టూ మూడు చుట్లు తిప్పి పట్టుకున్నాడు.

తాత పని దగ్గర నిలబడి చూసా. ఆయన తాడు వైపు చూడడు, కొమ్మ చివరి ఆకుల వైపే చూస్తాడు. కొమ్మ తెగి చిటికెడు కిందకి జారగానే గట్టిగా ఆపలేదు, తాడుని చేతుల్లోంచి జానెడు జానెడు వదులుతూ ఆ ఊపుని మింగేశాడు, ఊగడం ఆగేదాకా పట్టి ఉంచాడు, మళ్ళీ వదిలాడు. ఒక్కసారిగా బిగపట్టి ఆపితే ఆ కుదుపుకి తాడు మీద, పైపంగ మీద కొమ్మ బరువుకి ఎన్నో రెట్లు భారం పడుద్ది, పైన మనిషి కూర్చున్న చెట్టు మొత్తం ఊగుద్ది. ఇది ఆయనకి ఎవరూ లెక్కలేసి చెప్పలేదు. ఆకులు రేకుల మీద దుమ్ముని తుడుచుకుంటూ పక్కకి జరిగి పెరట్లో దిగాయి. ఒక్క రేకు కూడా పగల్లేదు.

మాస్టారు గారికి ముందు చెట్టు తలంతా కొట్టించేయాలని ఉంది. వద్దని మావయ్య చేత చెప్పించా. మోడు చేస్తే ఆ మోడు చుట్టూ కొత్త కొమ్మలు గుంపుగా వస్తాయి, అవి పైపైనే అతుక్కుని ఉంటాయి, రెండు మూడేళ్ళకి బరువెక్కి తుఫానుకి అవే ముందు ఊడతాయి. కోసేటప్పుడు కూడా కింద నుంచి కొంచెం కోత, దానికి బయటగా పై నుంచి కోత, కొమ్మ పడిపోయాక చివరి కోత మొదట్లో ఉబ్బెత్తు మడతకి బయటనే. ఆ మడతని కోసేస్తే గాయం మూసుకోదు. అమెరికాలో అలెక్స్ షైగో అనే శాస్త్రవేత్త వేల చెట్లు నిలువునా చీల్చి చూసి చెప్పిన సంగతి ఇది, చెట్టు గాయాన్ని మన చర్మంలా మాన్చుకోదు, చుట్టూ గోడ కట్టి లోపలే మూసేస్తది, ఆ గోడ కట్టే చోటు ఆ మడతే. మావయ్యకి షైగో తెలీదు కానీ మడత తెలుసు, "ముంజేతికి కంకణంలాగుంటది, దాన్ని ముట్టుకోకూడదు" అన్నాడు.

సాయంత్రం లెక్క చూసుకుంటే టైమ్ ఎప్పటికంటే కొంచెం ఎక్కువే పట్టింది, కానీ రేకుల కోత లేదు, కిందపడి నలిగిన కొమ్మల చెత్త తక్కువ, కట్టె నిలువుగా దిగడంతో మంచి ధర వచ్చింది. మావయ్య డబ్బు పంచుతూ ఏమీ అనలేదు. మర్నాడు పొద్దున్న నేను లేచేసరికి తాళ్ళ సంచీ ఆయన ఆటోలో ఉంది.

కొబ్బరి చెట్ల దగ్గర ఓడిపోయిన వాదన

కొబ్బరికి కేరళ తరహా ఎక్కే మిషన్ ఒకటి తెప్పించాం, చెంబేరి జోసెఫ్ గారి మోడల్, కాండం చుట్టూ ఇనప తాడు, రెండు కాళ్ళకి రెండు పెడల్స్. 2011లో కొబ్బరి బోర్డు వాళ్ళు కేరళలో కొబ్బరి చెట్టు స్నేహితులు అని శిక్షణ మొదలెట్టింది ఈ మిషన్లతోనే, ఎప్పుడూ ఎక్కని వాళ్ళు కూడా నేర్చుకున్నారు. మా బ్యాచ్‌లో మాత్రం మోకూ బంధం తోనే వాళ్ళు దానికి సగం టైమ్‌లో ఎక్కి దిగేస్తున్నారు. ఇక్కడ నేను పట్టుబట్టలేదు. మోకు అలాగే ఉంది, దాంతో పాటు జీనూ నడుము తాడూ కలిపాం, పైకెళ్ళి గెల కోసే ముందు నడుము తాడు కాండానికి చుట్టి బిగించుకుంటారు. మిషన్ని బావ పక్కింటి వాళ్ళకి అద్దెకి ఇస్తున్నాడు.

ఎండలు ముదిరాక

చిన్న చిన్నవి. చైన్ కోతకి తెగని ప్యాంట్లు ఈ వేడిలో కుదరవు, నేల మీద పెట్రోల్ రంపం పట్టేవాడికి మోకాళ్ళ దాకా వచ్చే తోలు కాళ్ళ తొడుగులు ఇచ్చాం. మధ్యాహ్నం పదకొండు దాటాక పైకెక్కడం లేదు. ఎర్ర చీమల గూళ్ళు, కందిరీగలు ఉంటే ముందు రోజే చూసి రావాలి, చెట్టు చుట్టూ ఒకసారి తిరగడం అలవాటైంది, ఆ తిరిగేటప్పుడే కరెంటు తీగలు, డొల్లలు, మొదట్లో పుట్టగొడుగులు కూడా కనపడతాయి. తాళ్ళు మహేంద్రతనయలో ఉత్త నీళ్ళతో ఉతికి నీడన ఆరేయడం, బ్యాటరీ పక్కన, పెట్రోల్ డబ్బా పక్కన పెట్టకపోవడం. పని మొదలెట్టే ముందు తాడు మొత్తం చేతుల్లోంచి పోనిస్తూ మెత్తబడిన చోటు, ఉబ్బిన చోటు వెతకడం తాతకి అప్పజెప్పాం, ఆ వేళ్ళకి తెలీకుండా ఏదీ పోదు.

రంపం మోగుతుంటే కింద మాట పైకి వినపడదు. విజిల్ పెట్టాం, ఒకటి అంటే ఆగు, రెండు అంటే కింద ఖాళీ, వదలొచ్చు. మూడు భాషల బ్యాచ్‌కి అది బాగా కుదిరింది.

రెస్క్యూ ప్రాక్టీస్ ఇంకా మొదటి మెట్టులోనే ఉంది. పైన మనిషి స్పృహ తప్పి వేలాడితే నిమిషాల్లో దించాలి, ఫైరింజన్ వచ్చేదాకా ఆగలేం. వడ్ల బస్తాకి పాత బెల్టు తొడిగి మామిడి కొమ్మకి వేలాడదీసి, బావ ఎక్కి దాన్ని తన తాడుకి మార్చుకుని దిగడం చేస్తున్నాం. ఎత్తు మాత్రం తక్కువే. ప్రతి పనిలోనూ రెండో తాడు ముందే పైన వేసి ఉంచాలి అన్నది దీని నుంచే వచ్చింది. బ్రిటన్‌లో చెట్ల పనివాళ్ళకి 2020 ప్రాంతంలో రెండో తాడు నియమం గట్టిపడింది, నా పనిలో అయితే మొదటి నుంచీ రెండు తాళ్ళే. ఇక్కడ ఇంకో తాడు కొనడానికి డబ్బు జమ అవుతోంది, ప్రతి గుత్త నుంచి కొంత పక్కన పెడుతున్నారు, ఆ డబ్బా మా అత్తయ్య దగ్గర ఉంటది.

రథయాత్ర ముందు

సంచీలో ఇప్పుడున్నవి: తెల్ల తాడు, నల్ల తాడు, జీనులు, హెల్మెట్లు, ఆటోలాక్ హుక్కులు, లోపల ఇనప తీగ ఉన్న నడుము తాళ్ళు రెండు, త్రో సంచీలు, సక్షన్ పైపు ముక్కలు, రంపాలు, విజిళ్ళు. కొనాల్సినవి: రెండో తెల్ల తాడు, రింగుల బెరడు కాపు, జారే ముడి వేయడానికి వేడిని తట్టుకునే విడి తాళ్ళు.

అన్నిటికంటే గట్టిగా మాట్లాడుకున్నది కరెంటు లైన్ల గురించి. తాడు తడిస్తే కరెంటు పారుద్ది, పచ్చి కొమ్మ తడవకపోయినా పారుద్ది. 11 కేవీ తీగకి ముట్టుకోనక్కర్లేదు, దగ్గరికి వెళ్తే చాలు. ఇన్నాళ్ళూ ఇంటివాళ్ళు లైన్‌మ్యాన్‌కి ఫోన్ చేశాం ఆపేశారు అని చెప్తే ఎక్కేసేవారు. ఇక మీద లైన్ ఆపి, ఎర్త్ వేసి, లైన్‌మ్యాన్ చెట్టు కింద నిలబడితేనే ఎక్కుతాం అని మావయ్యే అన్నాడు, నేను అనలేదు. నిన్న పాతపట్నం నుంచి ఒకాయన ఫోన్ చేసి, సుబ్బరంగా ఆపేశారండీ రండి అంటే, "లైన్‌మ్యాన్‌ని ఫోన్ దగ్గరకి పిలవండి బాబూ, ఆయన్తో మాటాడేకే బయలుదేరతాం" అని పెట్టేశాడు. ఆ పని సోమవారానికి పడింది, చింత చెట్టు, 400 గ్రాముల సంచీ తీసుకెళ్ళాలి.